గొలుసులో జింకు

గుడియాత్తం బజారులో వెంకటాద్రి లుంగీల దుకాణం ఎక్కడని అడిగితే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఆయన కూతురు కార్తీక ఏం చదువుతోందని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. ఎదుటి పాత్రల అంగడాయన అది కరెంటు చదువన్నాడు. పక్కకొట్టు పెరియస్వామి, ఆ పిల్ల వేలూరులో అయస్కాంతాలు తయారుచేస్తోందనీ, రేపో మాపో ఫ్యాక్టరీ పెట్టేస్తుందనీ నమ్మకంగా చెప్పేవాడు. వెంకటాద్రి ఎవరినీ సరిదిద్దేవాడు కాదు, ఎందుకంటే ఆయనకూ తెలియదు. కూతురు పొద్దున్నే బస్సెక్కి వేలూరులో యూనివర్సిటీకి పోతుంది, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరుతుంది, డాక్టరు పట్టా వస్తుంది గానీ సూది వేయదు. ఆయనకు అంతవరకు తెలిస్తే చాలు.

నిజానికి ఆ చదువును చెప్పడం మరీ అంత కష్టమేం కాదు, వినేవాళ్ళకు కాస్త ఓపిక ఉండాలి. కొన్ని రాగి లవణాల స్ఫటికాలలో రాగి పరమాణువులు ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడి ఉంటాయి. ప్రతి పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. ఆ అయస్కాంతాన్నే స్పిన్ అంటారు. పక్కది పైకి చూస్తే తాను కిందికి చూడాలన్నది ప్రతిదాని పంతం. వేడిగా ఉన్నప్పుడు ఎవరి గోల వారిది కాబట్టి ఆ పంతం సాగదు. బాగా చల్లబరిస్తే సాగాలి కదా అనుకుంటాం. ఇలా ఒంటివరసగా ఉన్న గొలుసులో అప్పుడూ పూర్తిగా సాగదు. వేడి అన్నది దాదాపు లేకుండా పోయినా క్వాంటం నియమాలు వాటిని కుదురుగా ఉండనివ్వవు. అప్పుడు బయటి నుంచి అయస్కాంత బలం పెంచుకుంటూ పోతే, ఒక హద్దు దగ్గర పంతాలన్నీ ముగిసి, స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడతాయి. నీళ్ళు గడ్డకట్టడం ఎలాంటి మార్పో ఇదీ అలాంటి మార్పే, కాకపోతే వేడిచలువలతో పనిలేని మార్పు. దాన్ని క్వాంటం దశా పరివర్తన అంటారు. ఆ నీలం స్ఫటికాలను పెంచడం, వాటిని ముంబైలోని ఓ పరిశోధనశాలకు పట్టుకెళ్ళి, ద్రవ హీలియం చలిలో ఆ హద్దు ఎక్కడుందో కొలవడం కార్తీక పని.

పెంచడం అన్న మాట ఊరికే అనలేదు. లవణం కరిగిన నీళ్ళను గాజు బీకరులో పోసి, పైన కాగితం కప్పి, కదపకుండా వారాల తరబడి ఉంచాలి. నీరు మెల్లగా ఆవిరైపోతుంటే అడుగున నీలం సూదులు లేస్తాయి. పక్కగదిలో ఎవరైనా తలుపు దబాలున వేస్తే సూదులకు బదులు ఇసుక మిగులుతుంది. ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయకపోయినా ఇసుకే మిగులుతుంది. అందుకే ఆ ల్యాబులో కైరాసి అనే అరవమాట బాగా నలిగేది. చేతి చలవ అన్నమాట. ఒకరు నాటిన కరివేపాకు బతుకుతుంది, ఇంకొకరు కలిపిన ఊరగాయ బూజు పడుతుంది, ఎవరి కైరాసి వాళ్ళది. చదువుకున్నవాళ్ళు ఇలాంటివి నమ్మరని అనుకునేరు. స్ఫటికాలు పెంచేవాళ్ళను మించి నమ్మేవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

రెండువేల ఇరవై మార్చిలో అన్నీ మూసేయమన్నారు. ల్యాబుకు తాళం పడేలోగా కార్తీక మూత తీయని లవణం సీసాలు, మూడు బీకర్లు సంచిలో సర్దుకుని ఇంటికి వచ్చేసింది. దుకాణం వెనక నూలు మూటలు దించే చిన్నగది ఉంది. కిటికీ లేదు, ఎండ రాదు, రోడ్డు మీద లారీలే తిరగని రోజులు కాబట్టి అదురూ లేదు. ల్యాబుకన్నా ఇదే మేలనుకుని బీకర్లను అక్కడ పెట్టింది. అందులో దేన్నీ ముట్టుకోవద్దని అవ్వ జ్ఞానాంబకు గట్టిగా చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోతే కార్తీకను పెంచింది ఆ అవ్వే. ఆమె గడప బయటే నిలబడి బీకర్లలోని నీలాన్ని చూసి, మైలుతుత్తాన్ని ఇంత ముద్దుగా చూసుకునేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానంది.

ఆ జూన్‌లో ఓ ఆదివారం సూర్యగ్రహణం పట్టింది. కార్తీక మేడ మీద జల్లెడ పట్టుకుని, దాని బెజ్జాల్లోంచి గచ్చు మీద పడే నెలవంకలను చుట్టుపక్కల మేడల పిల్లలకు చూపిస్తూ గడిపింది. గ్రహణం విడిచాక అందరూ తలకు పోసుకుని అన్నం తిన్నారు. ఆ తరువాత కొన్ని వారాలకు మూడు బీకర్లలోనూ చిటికెనవేలంత సూదులు లేచాయి. అంత పొడుగువి, అంత తేటగా ఉన్నవి ఆ ల్యాబులో ఎవరూ పెంచలేదు.

రైళ్ళు నడవడం మొదలయ్యాక కార్తీక వాటిని ముంబై తీసుకెళ్ళింది. హద్దు ఉండవలసిన చోటే ఉంది. దానికి చాలా ముందే, బలం ఇంకా తక్కువగా ఉన్నప్పుడే, స్ఫటికం వేడిని పీల్చుకునే తీరులో ఓ చిన్న గుబ్బ కనిపించింది. అక్కడ ఏమీ ఉండకూడదు. పాత సిద్ధాంతం ప్రకారం ఆ దారంతా చదునే. గుబ్బ ఉందంటే, మొదటి స్థితికీ చివరి స్థితికీ నడుమ ఎవరూ చూడని మరో స్థితి ఉందన్నమాట.

ఆమె గైడు ప్రొఫెసర్ గోపాలకృష్ణన్‌ది విరించిపురం. భూములున్న కుటుంబం, ఇంట్లో తెలుగే. ఉద్యోగమంతా ఇతరులు కనిపెట్టిన వాటిని సరిచూడటంతోనే గడిచిపోయిందని ఆయనకు లోలోపల దిగులు. గ్రాఫును రెండుసార్లు చూశాడు. లవణం శుద్ధమైనదేనా అని అడిగాడు. మూత తీయని సీసాది సార్ అంది. ఎక్స్‌రే పరీక్షలో స్ఫటికం అమరిక అచ్చు ఉండాల్సినట్టే ఉంది. ఇక ఆయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు. వ్యాసం మంచి పత్రికలో అచ్చయింది. కాంటీనులో అందరికీ ఆయనే కేసరి పెట్టించాడు.

అప్పటి నుంచి కార్తీక కైరాసి ల్యాబులో సామెతలా అయిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి బీకరులో నీళ్ళు ఆమె చేతే పోయించుకునేవారు. ఆమె నవ్వి కొట్టిపారేసేది గానీ, పోయకుండా మాత్రం ఉండేది కాదు. పొగడ్త ఎవరికి చేదు?

స్నేహ వచ్చింది ఆ సమయంలోనే. ఆర్కాడు పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం చదవడం అరవంలోనే. మనిషి నెమ్మది, పని శ్రద్ధ. గోపాలకృష్ణన్ ఆమెకు ఇచ్చిన పని ఆ గుబ్బే. కొత్త స్ఫటికాలు పెంచి, గుబ్బ ఎందుకు వస్తోందో, ఎలా మారుతోందో తేల్చాలి. స్నేహ పెంచింది. ముంబై వెళ్ళి కొలిచింది. హద్దు ఉంది, గుబ్బ లేదు. మళ్ళీ పెంచింది, మళ్ళీ లేదు. బీకర్లు మార్చింది, నీళ్ళు మార్చింది, చేతికి రెండేసి జతల తొడుగులు వేసుకుంది. లేనిది లేదు.

గోపాలకృష్ణన్ దృష్టిలో దీనికి ఒకటే అర్థం. కార్తీక స్ఫటికాలు మేలైనవి, స్నేహవి నాసివి. నాసి స్ఫటికంలో సున్నితమైన గుబ్బ చెరిగిపోతుంది. ఓ శుక్రవారం అందరూ కూర్చున్న మీటింగులో ఆయన విసిగిపోయి, చేతిలో శుద్ధం లేనివాళ్ళకు ఏ పరికరం ఇచ్చి ఏం లాభం అన్నాడు. స్నేహ తల దించుకుంది. పక్క కుర్చీలోనే ఉన్న కార్తీక తన నోట్సులోకి చూసుకుంది.

ఆమెకు లోపల ఓ ముల్లు ఉండనే ఉంది. ల్యాబు తెరిచాక తాను పెంచిన సూదుల్లోనూ గుబ్బ రాలేదు. అవి చిన్నవిలే, లెక్కలోకి రావులే అన్నాడు సార్. ఆమె సరేనంది. ఆ ఇంట్లో పెంచిన మూడు బీకర్లలో మాత్రమే ఏముంది అన్న ప్రశ్న అప్పుడప్పుడూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు వచ్చేది. నీళ్ళ తేడా అయ్యుంటుంది, గదిలో చల్లదనం అయ్యుంటుంది అని తనకు తానే నచ్చచెప్పుకునేది. పల్లికొండ దాటేసరికి ఆ ప్రశ్న సర్దుకునేది.

రెండువేల ఇరవై రెండు ఆగస్టులో కార్తీక థీసిస్ ఇచ్చేసింది. అందులో గుండెకాయ లాంటి అధ్యాయం ఆ గుబ్బదే. రెండు నెలలకు దీపావళి వచ్చింది. పండగ మరునాడు సాయంకాలం సూర్యగ్రహణం. జ్ఞానాంబ మధ్యాహ్నం నుంచే దర్భపోచలు తుంచుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఊరగాయ జాడీల్లో, దోసెల పిండిలో, తాగే నీళ్ళ బిందెలో, పండగ తిండి అరగడానికి చేసి మిగిలిన దీపావళి లేహ్యంలో ఒక్కో పోచ వేసింది. కార్తీక వంటింటి గడప మీద కూర్చుని, లేహ్యంలో గూడా గడ్డేనా అవ్వా అని ఆటపట్టించింది.

"గడ్డి కాదమ్మా, దర్భ. గ్రహణం పొద్దు యాడబడితే ఆడ విషం దిగుతాది. ఇది ఉంటే అంటదు," అంది జ్ఞానాంబ. "ఆ తూరి నీ మైలుతుత్తానికి గూడా ఏసినానే. అందుకే గదా నీ రాళ్ళు అంత బాగా వచ్చినాయి."

కార్తీక నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఏ తూరి, ఏం వేశావు, ఎట్లా వేశావు అని ఒక్కొక్కటే అడిగింది. 

"నువ్వు ముట్టొద్దంటివి, నేను ముట్టలేదమ్మా. దర్భ ఏసినా పైకి తేలిపోతా ఉన్నింది. పూజగది తెరకు ఇత్తడి ఉంగరాలు ఉండాయి గదా, ఒక్కోదానికి ఒక్కోటి కట్టి, దారం పట్టుకోని దించినా. ముందురోజు దీపాలు పెట్టినాక ఏస్తి, గ్రహణం ఇడిచినంక తీస్తి. తీస్తే ఏముండాది, పచ్చటి ఉంగరాలు ఎర్రగా తిరిగిపోయినాయి. విషమంతా వాటికి పట్టేసింది, బిడ్డ రాళ్ళు బతికినాయి అనుకుంటి. చింతపండేసి తోమి మళ్ళా తెరకే ఏసినా."

ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. రాగి లవణం నీళ్ళలో ఇత్తడిని ముంచితే, అందులోని జింకు కరిగి నీళ్ళలోకి దిగుతుంది, నీళ్ళలోని రాగి వచ్చి లోహం మీద ఎర్రగా పూతపడుతుంది. పదో తరగతి పిల్లలు పరీక్షలో రాసే సంగతి. ఉంగరం ఎర్రబడింది అన్న మాట వినగానే కార్తీకకు కథ మొత్తం అర్థమైపోయింది. ఆ నీళ్ళలోంచి లేచిన సూదుల్లో అక్కడక్కడ రాగి కూర్చోవలసిన చోట జింకు కూర్చుంది. జింకుకు అయస్కాంత గుణం లేదు. అది కూర్చున్న చోటల్లా గొలుసు తెగుతుంది. తెగిన ముక్కలో సరిసంఖ్యలో స్పిన్‌లు ఉంటే జోడీలు కుదురుతాయి, బేసిసంఖ్యలో ఉంటే ఒకటి జోడీ లేకుండా ఒంటరిగా మిగిలిపోతుంది. ఆ ఒంటరివాటికి పంతం పట్టడానికి పక్కన ఎవరూ లేరు, కొద్దిపాటి బలానికే తిరిగిపోతాయి. తాను చూసిన గుబ్బ అదే. కొత్త స్థితీ లేదు, ఏమీ లేదు. ఎక్స్‌రే ఎందుకు పట్టుకోలేదంటే, రాగికీ జింకుకూ ఉన్న తేడా ఒక్క ఎలక్ట్రాను. దాని కంటికి ఇద్దరూ ఒకటే.

ఆమె అవ్వతో ఏమీ అనలేదు.  పండగ సెలవులు అయిపోగానే మిగిలిన సూదిలోంచి ఓ ముక్కను వేలూరులో మూలకాల పరీక్షకు ఇచ్చింది. స్నేహ పెంచిన దాంట్లోంచి ఓ ముక్క కూడా ఇచ్చింది. తనదాంట్లో జింకు ఉంది. స్నేహవి కడిగిన ముత్యాలు.

కాగితాలు తీసుకుని గోపాలకృష్ణన్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అవ్వ సంగతి మాత్రం చెప్పలేదు, ఇంట్లో ఇత్తడి సామానేదో తగిలిందని అంది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అరవై దగ్గరపడిన మనిషి ఒక్కసారిగా ఇంకా ముసలివాడిలా కనిపించాడు. వ్యాసం అచ్చయినప్పుడు తమ్ముళ్ళందరికీ కాపీలు పంచాడని కార్తీకకు తెలుసు.

"నీ థీసిస్ ఎగ్జామినర్ల దగ్గర ఉండాది," అన్నాడు చివరికి. "వైవా అయిపోనీ అమ్మా. ఆ పైన మనమే ఒక సవరణ రాసి పంపుదాం."

స్నేహ సంగతి ఏమిటని అడిగింది. ఆ పిల్లకు వేరే పని ఇస్తానన్నాడు. కారణం చెప్పాల్సిన అవసరం లేదన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ గది నుంచి బయటికి వచ్చినప్పుడు కార్తీకకు కలిగింది బాధ కాదు, ఊరట. మోయలేని మూటను పెద్దవాళ్ళ ముందు దించేశాను, ఇక వాళ్ళు చూసుకుంటారు అనుకుంది. మంచివాళ్ళు తప్పు చేసేది చాలాసార్లు ఇలాంటి ఊరటలోనే.

గోపాలకృష్ణన్ వేరే పని ఇవ్వలేదు. రేపు మాపు అంటూ కాలం దొర్లించాడు. ఎందుకిస్తున్నారని స్నేహ అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలియక కాబోలు. స్నేహ తన బీకర్లతో కుస్తీ పడుతూనే ఉంది. నవంబరులో ఓ రోజు బీకరు పట్టుకుని కార్తీక దగ్గరికి వచ్చి, ఈ ఒక్కసారి నువ్వే పోసిపెట్టక్కా, నీ చెయ్యి తగిలితేనన్నా వస్తుందేమో అంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. కార్తీక నోరు తెరిచింది కూడా. ఇంకో నాలుగు నెలల్లో వైవా అన్న ఆలోచన వచ్చి నోరు మూతపడింది. బీకరు అందుకుని నీళ్ళు పోసింది. వారాల తరువాత అందులో చక్కటి సూదులు లేచాయి, కొలిస్తే గుబ్బ లేదు. అక్క చేతి చలవ కూడా నా బీకరులో పనిచేయలేదంటే ఇక నాది ఎంత పాడు చెయ్యో అని స్నేహ నవ్వుతూ అంది. ఆ నవ్వు చూసి కార్తీకకు తల కొట్టేసినట్టయింది.

కొత్త సంవత్సరం సెలవుల తరువాత స్నేహ బల్ల ఖాళీగా ఉంది. చదువు మానేసి ఆర్కాడులో ఓ ట్యూషన్ సెంటరులో చేరిందట. సార్‌కు మెయిల్ పెట్టిందట. గోపాలకృష్ణన్ ఆ మెయిల్ గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

కార్తీక రెండు రోజులు ఆగి ఆర్కాడు బస్సెక్కింది. ట్యూషన్ సెంటరు ఓ మందుల షాపు పైన ఉంది. స్నేహ మెట్ల దగ్గరికి వచ్చి, రా అక్కా అని నవ్వుతూ పిలిచింది. కార్తీక కూర్చోకుండానే మొదలుపెట్టింది, కూర్చుంటే మళ్ళీ చెప్పలేనేమోనని భయం. జింకు సంగతి, పరీక్ష సంగతి, అన్నీ చెప్పింది. నీవే మంచివి స్నేహా, పాడైనవి నావి అంది.

స్నేహ అంతా విని మెట్టు మీద కూర్చుంది. చేతులకు అంటిన సుద్దపొడి దులుపుకుంది.

"ఎప్పట్నించి తెలుసక్కా నీకు?"

"దీపావళి నించి."

స్నేహ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. నవంబరులో నీళ్ళు పోసినప్పుడు తెలుసా అని అడగలేదు. అడగకుండానే అర్థమైందని ఆమె ముఖమే చెప్పింది.

"ఇంట్లో ఇప్పుడు ఊరగాయ కలిపేటప్పుడు నేను దగ్గరికి పోనక్కా. నా చెయ్యి మంచిది కాదని నేనే మా అమ్మకు చెప్పినా," అంది. తరువాత తల ఎత్తి, "సారు నన్ను అన్నది అందరి ముందర. నువ్వేమో ఇంత దూరం వచ్చి, మెట్ల మీద నాకు ఒక్కదానికే చెప్తా ఉండావు," అంది.

కార్తీక కూడా మెట్టు మీద కూర్చుంది. తిరిగి వచ్చేయమని అడిగింది, ఆ శుద్ధమైన స్ఫటికాల లెక్కలు నీ పేరుతోనే అచ్చు వేయిద్దామంది. స్నేహ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. పిల్లలు కాచుకుని ఉన్నారని చెప్పి పైకి వెళ్ళిపోయింది.

వైవా మార్చిలో పెట్టారు. ఆ యూనివర్సిటీలో అది పెళ్ళి లాంటి వేడుక. ఇంటిల్లిపాదీ వస్తారు, వెనక బల్ల మీద తీపి, కారం సిద్ధంగా ఉంటాయి. వెంకటాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెరియస్వామికి దుకాణం అప్పగించి వచ్చాడు. జ్ఞానాంబ పట్టుచీర కట్టుకుని, జాంగిరీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. హాలు బయట కార్తీక గోపాలకృష్ణన్‌కు ఎదురెళ్ళి, ఈ రోజు చెప్పేస్తాను సార్ అంది. ఆయన కారిడారు చివరికి చూసి, నీ ఇష్టమమ్మా అన్నాడు. ఆపలేదు. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఆ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి కార్తీక తెర మీద గ్రాఫును అలాగే ఉంచి, ఇది తప్పు అంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు కలం ఆపి చూశాడు. జింకు గురించి, తెగిన గొలుసు గురించి, జోడీ లేకుండా మిగిలిన స్పిన్‌ల గురించి ఇంగ్లీషులో చెప్పింది. తరువాత ల్యాబువాళ్ళు కూర్చున్న వైపు తిరిగి అరవంలో చెప్పింది. స్నేహ పెంచినవే శుద్ధమైనవి, ఆమె మీద పడిన మాట నా మీద పడాల్సింది. ఈ సంగతి నాకు దీపావళి నుంచి తెలుసు, నా పట్టా కోసం దాచాను. జింకు ఎలా వచ్చిందని ఎగ్జామినరు అడిగాడు. ఇంట్లో పెంచుతున్నప్పుడు ఇత్తడి ఉంగరాలు బీకర్లలో పడ్డాయనీ, అది తన అజాగ్రత్తేననీ అరవంలోనే అంది. గోపాలకృష్ణన్ బల్ల మీది నీళ్ళ సీసా వైపు చూస్తూ కూర్చున్నాడు. స్నేహ రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కార్తీక అటే చూసింది.

పట్టా ఇప్పుడు ఇవ్వడం కుదరదన్నారు. ఆ అధ్యాయం తీసేసి, కొత్త కొలతలతో మళ్ళీ రాసి, మళ్ళీ పరీక్షకు రావాలి. అచ్చయిన వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలి. వెనక బల్ల మీది పళ్ళేలను ఎవరూ ముట్టకుండానే జనం మెల్లగా జారుకున్నారు. స్నేహకు ఈ సంగతి చెప్పమని కార్తీక ల్యాబులో ఒకరిని అడగబోయి మానుకుంది. తానే ఫోను తీసి, అందరి ముందర చెప్పాను అని మెసేజి పెట్టింది. జవాబు రాలేదు.

ముగ్గురూ గుడియాత్తం బస్సెక్కారు. వెంకటాద్రికి ముందు సీటు దొరికింది. కిటికీ పక్కన జ్ఞానాంబ, ఆమె పక్కన కార్తీక. దారం ముడి విప్పని జాంగిరీల పెట్టె అవ్వ ఒళ్ళోనే ఉంది.  హాలులో ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాని మనిషి, అరవంలో చెప్పిన రెండు ముక్కలను పట్టుకుని అంతసేపూ నలుపుతోందని కార్తీకకు తెలియదు.

"అవి నా ఉంగరాలేనా అమ్మా?" అంది జ్ఞానాంబ.

కాదని చెప్పాలని కార్తీక ముందే అనుకుని పెట్టుకుంది. అవ్వ ముఖం చూశాక ఆ మాట రాలేదు.

"అవునవ్వా."

జ్ఞానాంబ చేతులు పెట్టె మీద బిగుసుకున్నాయి. "ఆ ఆర్కాడు బిడ్డ చదువు పోయింది గూడా వాటితోనేనా?"

"కాదవ్వా. అది నావల్ల."

అవ్వ కిటికీలోంచి ఎండిన పాలారు ఏటి ఇసుకను చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అర్థం కాని బాధ ఉంది.

"నేను దాచిపెట్టి చేసిన పని కాదే అమ్మా. నా రాళ్ళను ఎవురన్నా ఏమన్నా చేసినారా అని ఒక్క మాట అడిగింటే ఆ పొద్దే చెప్పుందును. రెండేండ్లు నా పక్కన కూచోనే తింటివి. ఎందుకు అడగలేదు నువ్వు?"

 బస్సు పల్లికొండలో ఆగింది, కొందరు దిగారు, కొందరు ఎక్కారు.

"అడిగితే నువ్వు చెప్తావనే అవ్వా," అంది కార్తీక.